మిలాన్ సీటు

రాయపూర్‌లో దుమ్ము రెండు రంగులు. గుఢియారీలో ఎర్రది, ఫ్యాక్టరీలుండే ఉర్లాలో నల్లది. రత్నకుమారి పొద్దున్నే ఎర్ర దుమ్ములో టెంపో ఎక్కి నల్ల దుమ్ములో దిగేది. సాయంత్రం మళ్లీ నల్లదాంట్లో ఎక్కి ఎర్రదాంట్లో దిగేది. మధ్యలో పగలంతా ఒక చల్లటి గదిలో, ఒక తెర ముందు. ఆ గదికి కిటికీ లేదు. ఏసీ పెట్టింది కంప్యూటర్ల కోసమే తప్ప మనుషుల కోసం కాదని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అయినా ఆ గదిలో సీటు దొరకడమంటే ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల తొంభైతొమ్మిదిలో, చిన్న సంగతి కాదు.

ఆ ఫ్యాక్టరీలో వంతెనలకి వేసే ఇనప దూలాలు తయారుచేసేవారు. ఒకప్పుడు ఇనప పలకమీద సుద్దతో గీత గీసి, ఆ గీతవెంట మనిషే గ్యాస్ మంట పట్టుకుని కోసేవాడు. తరవాత మిషనొచ్చింది. మంట ఎక్కడ వెలగాలో, ఎటు నడవాలో, ఎక్కడ ఆరిపోవాలో వరసలు వరసలుగా అంకెల్లో రాసిస్తే అదే కోసుకుపోతుంది. ఆ వరసలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. వాటిని ఎడిటర్లో తెరిచి దిద్దడం రత్నకుమారి పని.

ఇక్కడే ఒక తిరకాసుంది. ఆ ఫైళ్లు రెండుచోట్ల ఉండేవి. డ్రాయింగ్ ఆఫీసులో ఒక సర్వరు, కోత మిషనుండే షాపు వెనక కొట్లో ఇంకొకటి. రెండింటికీ వైరు లాగారు కాబట్టి రత్నకుమారి తెరమీద రెండూ తన సొంత డ్రైవుల్లాగే కనిపించేవి. ఎఫ్ అంటే డ్రాయింగ్ ఆఫీసు, జి అంటే షాపు. కొత్త పని ఎఫ్‌లోకి వస్తుంది. షాపులో బయటపడిన తప్పుల్ని ఆమె జిలో దిద్దుతుంది. కోత మిషను చదివేది జిని. సాయంత్రానికి రెండూ ఒకటైపోవాలి. లేకపోతే కాగితంమీద ఒక వంతెన, ఇనుములో ఇంకో వంతెన తయారవుతుంది.

ఆ ఒకటి చేసే పనిని అందరూ హిందీలో మిలాన్ అనేవారు, పోల్చి సరిచూడడమని. ఎడిటర్లోనే దానికో సదుపాయం ఉంది. రెండు డ్రైవుల్లోని ఫైళ్లనీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. తేడా ఉన్న వరస ఎర్రగా వెలుగుతుంది. పైన ఒక బాణం, కొత్త ఫైలునుంచి పాతదానివైపు. ఒక్క మీట నొక్కితే కొత్తది వెళ్లి పాతదానిమీద కూర్చుంటుంది. కావాలంటే ఫోల్డరు మొత్తానికీ ఒకేసారి నొక్కెయ్యొచ్చు. చివర్న తెర అడుగున 'తేడాల్లేవు' అని ఇంగ్లీషులో ఒక ముక్క పడుతుంది. ఆ ముక్క చూస్తే రత్నకుమారికి గిన్నెలన్నీ తోమి బోర్లించినంత హాయి. మొదట్లో ప్రతి వరసా చదివేది. ఏళ్లు గడిచాక బాణాన్ని నమ్మి మీట నొక్కడం అలవాటైపోయింది. ఎందుకంటే బాణం ఏనాడూ తప్పలేదు.

ఆమె కూర్చునే కుర్చీకి మిలాన్ సీటని పేరు కూడా పడింది. టైపిస్టుగా చేరిన మనిషికి అది పెద్ద ఎత్తే. తండ్రి మోషే సామర్లకోట నుంచి రైల్వే వాగన్ షాపుకొచ్చి ఇక్కడే స్థిరపడి, ఇక్కడే పోయాడు. తల్లి కమల ఊళ్లో ఒక నర్సింగ్‌హోములో నర్సుగా చేసింది. క్వార్టరు పోయాక తల్లీ కూతుళ్లిద్దరూ గుఢియారీలో పట్టాల పక్కన రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. ఇంటావిడ ఊర్మిళ ఛత్తీస్‌గఢీ మనిషి, మంచిది.

కమల ఉద్యోగం ఎలా పోయిందో రత్నకుమారికి బాగా తెలుసు. ఒక పేషెంటుకి ఇంజెక్షనిచ్చానని కమల ఒట్టేసి చెప్పింది. మందు సీసా మూత తియ్యకుండా అలాగే ఉంది. అలా ఇంకోసారి, మరోసారి. తరవాత ఇంట్లో కూడా మొదలైంది. ఉప్పు రెండుసార్లు వెయ్యడం, పొయ్యి వెలిగించి మరిచిపోవడం, గేటు దాటి వెళ్లి ఇల్లెక్కడో తెలీక నిలబడిపోవడం. అప్పటినుంచి రత్నకుమారి పనికెళ్లేటప్పుడు తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి ఊర్మిళకిచ్చేది.  ఒకరోజు ఉండబట్టలేక తల్లిని అడిగింది, ఆ ఇంజెక్షను సంగతి నీకేమైనా గుర్తుందా అని.

"ఇచ్చాననే అనుకున్నానే రత్నా," అంది కమల, చాలా మామూలుగా. "చేతికి సూది బరువు కూడా తెలిసింది. ఇవ్వలేదని అందరూ అన్నారు. అయితే ఇవ్వలేదేమోలే అనుకున్నా."

రత్నకుమారి లేచి, పొయ్యి ఆరిందో లేదో చూసొచ్చింది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ అయింది. ఉర్లా మొత్తానికి అదే పెద్ద పండగ. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. సుత్తినుంచి క్రేను దాకా కడిగి, బొట్టుపెట్టి, దండలేసి, బూందీ పంచుతారు. రత్నకుమారి ఎప్పట్లాగే ఒక మూల నిలబడి, పొట్లం అందుకుని, మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోయింది. ఆ తరవాత కొన్నాళ్లకి మొదలైంది గోల.

షాపు ఫోర్‌మన్ సూరిబాబు అమలాపురం మనిషి. కోపమొచ్చినా అండీ అనడం మానడు. పొద్దున్నే ఏసీ గది తలుపు తోసుకొచ్చి, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"ఏవండీ మేడంగారూ, బోల్టు కన్నాలు అటు జరపమని నిన్న డ్రాయింగు తెచ్చి చూపించానా లేదా?"

"చూపించారు. జరిపాను."

"జరిపితే పాతచోటే ఎందుకు పడ్డాయండీ? పలక కబాడీకి, తుక్కులోకి పోయింది."

ఆమె ఫైలు తెరిచింది. వరసలో పాత అంకే ఉంది. రత్నకుమారి దానివంక అలా చూస్తూ ఉండిపోయింది. తను దిద్దింది. పాత అంకె చెరిపి కొత్తది కొట్టింది. కొడుతుంటే కరెంటు ఒకసారి మినుక్కుమంది, అది కూడా గుర్తుంది. సేవ్ చెయ్యలేదేమో అనుకుంది. సూరిబాబు కూడా అదే అన్నాడు, పోన్లెండి, ఒక్కోసారి అవుతుంది అని. మళ్లీ దిద్ది, సేవ్ చేసి, మూసి, తెరిచి చూసుకుంది. కొత్త అంకె నిక్షేపంగా ఉంది. సాయంత్రం మిలాన్ చేసింది. తేడాల్లేవు. ఇంటికెళ్లింది.

మర్నాడు పొద్దున మళ్లీ పాత అంకె.

ఈసారి పలక కొయ్యకముందే చూసుకుంది కాబట్టి గుట్టుగా దిద్దేసింది. కానీ ఆ వారంలోనే ఇంకో ఫైలు, ఆ తరవాత మరోటి. విచిత్రమేమిటంటే డ్రాయింగ్ ఆఫీసునుంచి వచ్చిన కొత్త ఫైళ్లకి ఏమీ కాలేదు. పోతున్నవన్నీ ఆమె చేత్తో దిద్దినవే. వెతికి వెతికి ఆమె పనినే ఎవరో తుడిచేస్తున్నట్టుంది.

మేనేజరు సాహూ సాబ్ దాకా వెళ్లింది విషయం. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, పేపరువెయిటు తిప్పుతూ మాట్లాడతాడు. నాగపూర్నుంచి ఒక మనిషొచ్చి కంప్యూటర్లన్నింటికీ రెండువేల సంవత్సరానికి సిద్ధం అని స్టిక్కర్లు అంటించి ఎంతోకాలం కాలేదు. అందుకని, వైటూకే అప్పుడే వచ్చేసిందా మేడమ్ అని నవ్వాడు. నవ్వి, వైరసేమో చూడమన్నాడు. ఆమె చూసింది. వైరస్ లేదు. పాస్‌వర్డు మార్చింది. అయినా ఆగలేదు. ఎడిటర్ని తీసేసి మళ్లీ వేసింది. పొద్దున్నే వచ్చి తెరిస్తే పాత అంకెలు తీరిగ్గా కూర్చుని ఉన్నాయి, ఎక్కడికీ పోలేదన్నట్టు.

చివరికి ఒక ఉపాయం తోచింది. సూరిబాబుని పిలిచి వెనక నిలబడమంది. ఆయన కళ్లెదుటే అంకె మార్చి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూపించింది. మార్పు ఉందని ఆయన ఒప్పుకున్నాడు. హమ్మయ్య, ఒక సాక్షి దొరికాడనుకుంది. పొద్దున మళ్లీ పోయింది. ఆ సాక్ష్యమే ఆమె మెడకి చుట్టుకుంది. సూరిబాబు నిజాయితీగా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను చూసినప్పుడు ఉందండీ, నేను వెళ్లాక ఆ గదిలో మేడంగారు ఒక్కరే ఉన్నారు అన్నాడు. సాహూ పేపరువెయిటు తిప్పడం ఆపాడు. ఇదివరకు దిద్దడం మరిచిపోతోందన్న అనుమానం. ఇప్పుడు దిద్దినదాన్ని తనే చెరిపేస్తోందన్న అనుమానం.

షాపులో మాటలు మొదలయ్యాయి. ఆ సీటుమీద సాహూ మేనకోడలికి కన్నుందని ఒకరు, మేడమ్ కావాలనే పని పాడుచేస్తోందని ఇంకొకరు. అవేవీ రత్నకుమారిని అంతగా బాధించలేదు. ఆమెని తినేస్తున్నది వేరే. తనే చెరిపేసి, చెరిపిన సంగతి మరిచిపోతోందేమో. అమ్మ చేతికి సూది బరువు తెలిసింది. తన వేలికి మీట తెలుస్తోంది. తేడా ఏముంది?

ఇంట్లో గ్యాసు కట్టేసి, వీధిదాకా వెళ్లి వెనక్కొచ్చి చూసుకునేది. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి లాగి చూసేది. ఊర్మిళ గుమ్మంలోంచి చూసి, ఏమైంది దీదీ అనేది. ఏం లేదనేది. చర్చిలో పాట మధ్యలో ఒక చరణం గుర్తురాకపోతే గబగబా పుస్తకం తిరగేసేది. లోపల తల్లి, బయట తాళం. తాళం ఇవతల తను ఉన్నానన్న ధైర్యం కూడా సడలిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, చెప్పిన మరుక్షణం సీటు పోతుంది. చెప్పకపోతే పలకలు పోతున్నాయి. పొద్దున ఆ గదిలోకి అడుగుపెట్టి తలుపు దానంతటదే మూసుకుంటే, సెల్లులో వేసి తాళం పెట్టినట్టే ఉండేది. 

ఇంకొక్క పలక పోయిందంటే ఇక మాటలుండవు, కాగితాలే అని సాహూ చెప్పేశాడు. ఆ రోజే సూరిబాబు ఒక పెద్ద దూలం తాలూకు దిద్దుబాటు తెచ్చిచ్చాడు. అది పాడైతే ఒక పలకతో పోయేది కాదు. రత్నకుమారి దిద్దింది. అంకె మీద వేలుపెట్టి చదువుకుంది. మిలాన్ చెయ్యబోతుంటే గేటునుంచి కబురొచ్చింది, ఫోనొచ్చిందని. ఊర్మిళ. కమలకి స్నానాల గదిలో కాలు జారింది, పెద్ద దెబ్బేం కాదు గానీ ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు, తొందరగా రమ్మంది. రత్నకుమారి మిలాన్ మాటే తలవకుండా, తెర అలాగే వదిలేసి పరిగెత్తింది.

మర్నాడు భయంభయంగా ఫైలు తెరిచింది. కొత్త అంకె ఉంది.

ఎంతసేపు చూసినా అలాగే ఉంది. సంతోషం కలగాల్సింది, కానీ మొదట కలిగింది అయోమయం. నిన్నటికీ మిగతా రోజులకీ తేడా ఏమిటి? నిన్న ఒక పని చెయ్యలేదు. ఏ పని? మిలాన్. ఆ మాట తట్టగానే ఆమె వెన్ను నిటారుగా అయింది. అయితే రోజూ నా చేత్తో నేనే... అవును, తనే. కానీ మరిచిపోయి కాదు. తేడాల్లేవు అన్న ఆ హాయైన ముక్క కోసం మీట నొక్కినప్పుడల్లా, ఆ మీటే తన పనిని మింగేస్తోంది.

ఇంతకాలానికి మొదటిసారి ఫోల్డరు మొత్తాన్ని కాకుండా ఆ ఒక్క ఫైలునే మిలాన్‌లో పెట్టింది. ఎడమవైపు ఎఫ్, పాత అంకె. కుడివైపు జి, కొత్త అంకె. వరస ఎర్రగా వెలిగింది. బాణం మాత్రం ఎఫ్‌నుంచి జి వైపుకుంది. అంటే డ్రాయింగ్ ఆఫీసులో వేసవినుంచి కదలకుండా పడున్న ఫైలు కొత్తదట, నిన్న తను దిద్దింది పాతదట. నొక్కితే కొత్త అంకెమీద పాత అంకె వెళ్లి కూర్చుంటుంది. ఆమె నొక్కలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. కొత్తా పాతా అన్నది ఈ ఎడిటరుకి ఎలా తెలుస్తుంది? అంకెలు చదివి కాదు. ఫైలు ఉన్న సర్వరు దానికి వేసిన తారీకు చూసి. తారీకులు తెప్పించింది.

ఎఫ్‌లో ఉన్నదానికి ఈ ఏడాది మే నెల. జిలో ఉన్నదానికి పంతొమ్మిదివందల ఎనభై, జనవరి.

ఎనభైలో తను స్కూల్లో చదువుతోంది. అప్పటికి ఈ ఫ్యాక్టరీ పొలం. రత్నకుమారికి నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపులా బయటికొచ్చింది. జిలో వెతికితే పూజ తరవాత తను సేవ్ చేసిన ప్రతి ఫైలూ ఎనభైలోనే పుట్టింది. పూజ ముందువన్నీ సరిగ్గా ఉన్నాయి. లోకమంతా రెండువేలు వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయో అని హడలిపోతుంటే, ఈ షాపు సర్వరు చడీచప్పుడు లేకుండా వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

కొట్లో ఎలక్ట్రీషియన్ పరదేశి వైర్లు చుడుతూ ఉన్నాడు. బొబ్బిలి దగ్గర పల్లెటూరినుంచి చిన్నప్పుడే వచ్చేశాడు. కాంట్రాక్టు మీద పని. పూజరోజు ఈ సర్వర్ని ఏంచేశారని ఆమె అడిగింది, నిందలా వినబడకూడదని మెల్లిగా.

"ఏటి సేత్తామమ్మా, అన్నిటికి సేసినట్టే సేసినాం," అన్నాడు పరదేశి. "సాలూ ఉన్న మిషనుకి పూజ సెయ్యకూడదు గదా. బందు సేసి, తుడిసి, బొట్టెట్టినాం. మరసట్నాడు మల్లీ సాలూ సేసినాను. గడియారం పన్నెండు సూపిత్తే నా వాచీ సూసి టైము కూడా దిద్దినాను."

"తారీకు?"

"తారీకు కూడా ఉంటాదేటి దాన్లో?"

అదీ జరిగింది. ఏడాది పొడుగునా ఆపకూడని యంత్రం అది. ఆపేది ఒక్క విశ్వకర్మకే. నిరుడు ఆపినప్పుడు లోపలి చిన్న బ్యాటరీలో ప్రాణం ఉంది, తారీకు గుర్తుపెట్టుకుంది. ఈ ఏడాదికి బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు తియ్యగానే మిషను అన్నీ మరిచిపోయి ఎనభైకి వెళ్లిపోయింది. పరదేశి పాపం గంటలు దిద్దాడు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. డ్రాయింగ్ ఆఫీసులో ఆ రోజు అర్జెంటు పనుందని సర్వర్ని ఆపకుండానే బొట్టుపెట్టి వదిలేశారు, దాని తారీకు చెక్కుచెదరలేదు. మరిచిపోయింది నేను కాదు, అనుకుంది రత్నకుమారి. ఆ కొట్లో, గ్రీజు వాసనలో, వైర్ల చుట్టల మధ్య నిలబడి ఎన్నో రోజుల తరవాత నిండుగా ఊపిరి తీసుకుంది.

అంతా కాగితంమీద వివరంగా రాసుకోనక్కర్లేదు, నోటితోనే చెప్పేయొచ్చని నేరుగా సాహూ గదికి వెళ్లింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. అర్థం చేసుకున్నాడు కూడా. బ్యాటరీ వెంటనే మార్పిస్తానన్నాడు. తరవాత తలుపు మూయమన్నాడు.

ఆయన మెల్లగా, మర్యాదగా చెప్పుకొచ్చాడు. పాడైన పలకలకి కారణమేమిటని హెడ్డాఫీసు అడుగుతోంది. తారీకు చెడిందని రాస్తే, ఎందుకు చెడిందంటారు. ఆపారు కాబట్టి. ఎందుకు ఆపారు? పూజకి. ఎవరు ఆపారు? పరదేశి. అతను కాంట్రాక్టు మనిషి, ఆ సాయంత్రమే గేటు బయటుంటాడు. అది ఒక ఎత్తు. విశ్వకర్మ పూజవల్ల పని పాడైందన్న మాట షాపులో పాకితే ఏమవుతుంది? అదీ ఎవరి నోట వచ్చింది?

"ఆ మాట మీరు అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి మేడమ్," అన్నాడు సాహూ. "మీరు, వేరే ఎవరో కాదు."

ఆయన పేరు పెట్టి చెప్పలేదు. అక్కర్లేదు. ఇన్నేళ్లుగా మూల నిలబడి పొట్లం అందుకున్న మనిషి, ఆదివారం చర్చికెళ్లే మనిషి, వాళ్ల పండగని తప్పుపట్టిందని అంటారు. రేపు క్యాంటీన్లో ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు? నిజం చేతిలో ఉంది, దాన్ని పెట్టడానికి చోటు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనేదాన్ని రత్నకుమారి ఇదివరకు సామెతనుకుంది.

సాహూ దారి కూడా చూపించాడు. హిందీలో ముందే టైపు చేయించిన ఒక కాగితం ముందుకు జరిపాడు. దిద్దుబాట్లు చెయ్యడం మరిచిపోయాను, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను. అంతే. మరుపు మానవ సహజం కదా, దానికి ఎవరూ ఉద్యోగం తియ్యరు. ఒక హెచ్చరికతో ఫైలు మూసేస్తాను, సీటు మీదే, రేపట్నుంచి మామూలే అన్నాడు. పెన్ను మూత తీసి మరీ అందించాడు. నిజంగానే ఆయన మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఈలోగా తలుపు తట్టి పరదేశి లోపలికొచ్చాడు. సంగతి ఎలా తెలిసిందో గానీ, టోపీ చేత్తో పట్టుకుని, ఆపింది నానే సాబ్, ఆయమ్మ తప్పేటీ లేదు అని తన వచ్చీరాని హిందీలో చెప్పాడు. సాహూ అతన్ని కసురుకోలేదు. షాపులో ఫ్యూజు పోయినట్టుంది, వెళ్లి చూడమన్నాడు. పరదేశి ఆమెవైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

పెన్ను పట్టుకుని రత్నకుమారి ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చుంది. మరిచిపోయాను. సంతకం పెడితే సీటు ఉంటుంది, ఇంటి అద్దె ఉంటుంది, అమ్మ మందులుంటాయి. పరదేశి ఉంటాడు. పోయేదేమీ లేదు, చూడ్డానికి. కానీ ఈ సంతకం పెట్టిన చెయ్యి రేపు ఇంకేదైనా పోయినప్పుడు ఏమంటుంది? నువ్వే కదమ్మా ఒప్పుకున్నావు అని వాళ్లంటారు. మరిచిపోయానేమోలే అని తనూ అనుకుంటుంది. అమ్మ అలాగే కదా మొదలుపెట్టింది. అందరూ అన్నారని.

"మరిచిపోయానని మాత్రం రాయను సార్," అంది. "చూసుకోలేదని రాస్తాను."

సాహూకి తేడా అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఫైళ్ల తారీకులు నేను చూసుకోలేదు, చూడకుండా మీట నొక్కాను. అది నిజం. దిద్దుబాట్లు మాత్రం చేశాను, ప్రతి ఒక్కటీ. పూజ ఊసు రాయను, ఎవరి పేరూ రాయను.

ఆయన పేపరువెయిటు రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. మరుపు అయితే పొరపాటు మేడమ్, చూసుకోకపోవడమంటే నిర్లక్ష్యం, నిర్లక్ష్యమని కాగితంమీద ఉన్నాక మిమ్మల్ని ఆ సీట్లో ఉంచలేను అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. తెలుసు సార్ అంది. టైపు చేసిన కాగితం పక్కకి నెట్టి, తెల్లకాగితం అడిగి, తన చేత్తో రాసి సంతకం పెట్టింది. 

మిలాన్ సీటులోకి సాహూ మేనకోడలు వచ్చింది. చెడ్డపిల్లేం కాదు. మీట ఎలా నొక్కాలో, నొక్కేముందు తారీకు ఎలా తెప్పించాలో రత్నకుమారే ఒక రోజంతా కూర్చుని నేర్పింది. క్యాంటీన్లో సూరిబాబు ఎదురుపడి, ఏవండీ, ఒక్క సంతకం పెట్టేస్తే పోయేది కదండీ అన్నాడు.  గ్లాసులో చక్కెర తిప్పి, మీరు దిద్దారని నాకు తెలుసండీ అన్నాడు, తలెత్తకుండా.

ఆమెని గేటు దగ్గర ధర్మకాంటాకి మార్చారు. లారీల్ని తూచే చోటు. రేకుల కప్పు, మనిషీ బల్లా పట్టేంత గది. ఏసీ లేదు. ఒక కిటికీ ఉంది గానీ తెరిస్తే నల్ల దుమ్ము, మూస్తే ఉక్క. జీతం కొంత తగ్గింది. ఇంటికి తాళం వేసే రావాలి, ఆరు దాకా కుర్చీ వదలకూడదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా లారీ వస్తుంది, నిలబడుతుంది, వెళ్తుంది. ఇంతకన్నా పెద్ద ఎత్తు ఇక రాదని ఆమెకి తెలుసు.

మొదటివారంలో ఒక లారీ కాంటామీదకెక్కింది. అంకెలు వెలిగాయి, నిలిచాయి. ఆమె రాసుకుని చీటీ చించి కిటికీలోంచి ఇచ్చింది. డ్రైవరు భిలాయి మనిషి, అనుమానప్పక్షి. సరిగ్గానే రాశారా దీదీ, ఇంకోసారి చూసుకోండి, దిగిన లారీ మళ్లీ ఎక్కించలేను అన్నాడు.

"రాశాను," అంది రత్నకుమారి, అంకెలవంక మళ్లీ చూడకుండానే. చెయ్యెత్తి వెనక లారీని రమ్మంది.